చెత్తబండికీ ఓ బొమ్మ

నేను జపాన్ కార్ల బొమ్మలు కొంటానని తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే. "ఎంత పెట్టి కొన్నావ్?" అన్నది మొదటిది. "ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?" అన్నది రెండోది. మన సాఫ్ట్‌వేరు జనాలకి ప్లాట్లూ, షేర్లూ అలవాటైపోయి ఏ వస్తువుని చూసినా ఇవే గుర్తొస్తాయి, తప్పు పట్టను. కానీ మూడో ప్రశ్న ఒకటుంది, దాన్నెవరూ అడగరు. అసలు ఆ దేశం వాళ్ళు తమ కార్లకి ఇంత శ్రద్ధగా బొమ్మలెందుకు చేసుకున్నారు? నా దృష్టిలో అసలు కథంతా అక్కడే ఉంది. ఈ బొమ్మల చరిత్ర తిరగేస్తే జపాన్ కార్ల పరిశ్రమ చరిత్ర ఎలాగూ తెలుస్తుంది. దాంతోపాటు ఒక దేశం తను చేసుకున్న వస్తువుని తనే చూసుకుని "ఇదీ బానే ఉందే, దీనికో బొమ్మ చెయ్యొచ్చు" అనుకోవడానికి ఎంత కాలం పడుతుందో కూడా తెలుస్తుంది.

1945 దగ్గర మొదలెడదాం. ఆగస్టులో యుద్ధం ముగిసింది. ఊళ్ళకి ఊళ్ళు కాలిపోయి ఉన్నాయి. తిండికే దిక్కులేని రోజుల్లో బొమ్మల సంగతి ఎవరికి పడుతుందిలే అనుకుంటాం. కానీ పిల్లలు పిల్లలే కదా! ఆ డిసెంబరులోనే, క్యోటోకి పక్కనున్న ఓత్సు అనే ఊళ్ళో కొసుగె మత్సుజో అనే బొమ్మల తయారీదారు ఓ చిన్న రేకు జీపు చేశాడు. కొత్త రేకు దొరికే పరిస్థితి లేదు. వచ్చి దిగిన అమెరికా సైనికులు తిని పారేసిన డబ్బాలు మాత్రం బోలెడు. వాటినే చదును చేసి, కత్తిరించి, మడిచి బొమ్మ చేశాడు. దాదాపు పది సెంటీమీటర్ల పొడవు, ధర పది యెన్లు. క్యోటోలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోరులో పెడితే జనం ఎగబడి కొన్నారు. అంటే యుద్ధం తర్వాత జపాన్లో పేరు మోసిన మొదటి బొమ్మకారు జపాన్ కారు కాదన్నమాట. గెలిచినవాడి జీపు, గెలిచినవాడి డబ్బా రేకుతో.

తర్వాత ఎగుమతులు మొదలయ్యాయి. 1947 నుంచి 1952లో ఆక్రమణ ముగిసేదాకా బయటికి పోయే వస్తువుల మీద "మేడిన్ ఆక్యుపైడ్ జపాన్" అన్న ముద్ర కనిపిస్తుంది. చిన్న చిన్న కార్ఖానాల్లో తయారైన రేకు కార్లు ఓడలెక్కి అమెరికా పోయేవి. ఏం కార్లంటారా? కాడిలాకులూ, బ్యూకులూ, ఫోర్డులూ. మారుసాన్ అనే కంపెనీ అమ్మిన కాడిలాక్ రేకుబొమ్మని ఇప్పటికీ కలెక్టర్లు కళ్ళకద్దుకుంటారు. అంత నాజూకుగా ఉంటుంది పని. ఆ బొమ్మకి వంపులు తీర్చిన కార్మికుడికి అసలు కాడిలాక్‌లో కూర్చునే యోగం ఎప్పుడైనా పట్టి ఉంటుందా అంటే నాకు అనుమానమే.

ఇంకో విచిత్రం చూడండి. ఈరోజు జపాన్ బొమ్మకారు అనగానే గుర్తొచ్చే పేరు టోమికా. దాన్ని చేసే టోమీ కంపెనీని తొమియామ ఎయిచిరో 1924లో పెట్టాడు. యుద్ధం తర్వాత ఆ కంపెనీకి పెద్ద పేరు తెచ్చిన బొమ్మ ఏమిటో తెలుసా? 1951లో చేసిన బీ-29 విమానం. ఆరేళ్ళ క్రితం టోక్యోని తగలబెట్టిన విమానం! కడుపుకాలితే మనోభావాలు పక్కకి జరుగుతాయి మరి. అమెరికా పిల్లలకి ఏది కావాలో అది చేసి అమ్మారు, బతికారు. దీన్ని చూసి నవ్వాల్సిన పనీ లేదు, ఏడవాల్సిన పనీ లేదు. క్లయింటు అడిగింది చేసిపెట్టి డాలర్లు తెచ్చుకోవడం అంటే ఏమిటో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

బొమ్మల సంగతి అలా ఉంటే, అసలు కార్ల సంగతి కూడా పెద్ద తేడాగా ఏమీ లేదు. 1953లో నిస్సాన్ వాళ్ళు ఇంగ్లాండు ఆస్టిన్ కార్లని బిగించడం మొదలెట్టారు. ఇసుజు వాళ్ళు హిల్‌మన్, హినో వాళ్ళు ఫ్రాన్సు రెనో కార్లు చేసేవాళ్ళు. సరిగ్గా అదే రోజుల్లో మనం ఏం చేస్తున్నాం? మోరిస్ కారుని ముందు లాండ్‌మాస్టర్ అనీ, 1957 తర్వాత అంబాసిడర్ అనీ పేరు పెట్టి చేస్తున్నాం. మరోపక్క ఫియట్. అంటే 1950లలో రెండు దేశాలూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నాయన్నమాట. టయోటా వాళ్ళు మాత్రం ఎవరి డ్రాయింగులూ తెచ్చుకోకుండా 1955లో క్రౌన్ అనే కారు సొంతంగా చేశారు. నిస్సాన్ వాళ్ళు ఆస్టిన్ దగ్గర నేర్చుకోవాల్సింది నేర్చేసుకుని, 1960లో సెడ్రిక్ అనే సొంత పెద్దకారు తెచ్చారు. మన అంబాసిడర్ 2014 దాకా అదే బెంచీ మీద కూర్చుంది. ఇది వెక్కిరింత కాదు. ఆ కారంటే నాకూ ప్రేమే. కాకపోతే తేదీలు తేదీలే.

ఇప్పుడు అసలు మలుపు. 1959లో అసాహి టాయ్ కంపెనీ "మోడల్ పెట్" అనే వరస మొదలెట్టింది. రేకుని మడిచి చేసినవి కావు ఇవి. కరిగించిన జింకు మిశ్రమాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోతపోసినవి. డై-కాస్ట్ అంటాం కదా, అది. జపాన్లో ఇలాంటి వరస ఇదే మొదటిది. అందులో ఒకటో నంబరు బొమ్మ ఏమిటంటే టయోటా వాళ్ళ క్రౌన్! జీపుకీ దీనికీ మధ్య పద్నాలుగేళ్ళు. ఆ తర్వాత 1961లో మైక్రోపెట్ వచ్చింది, బుల్లి సుబారు 360 బొమ్మతో. దాన్ని చేసినవాళ్ళ అచ్చులూ, అనుభవమూ యోనెజావా అనే పెద్ద కంపెనీకి చేరి 1965 కల్లా డయాపెట్ అనే పేరుతో స్థిరపడ్డాయి. సుబారు 360 సంగతి మనవాళ్ళకి తెలిస్తే ముచ్చటేస్తుంది. 1955లో వాళ్ళ ప్రభుత్వంలో ఓ "ప్రజల కారు" ఆలోచన పుట్టింది. 360 సీసీ ఇంజను లోపు ఉండే బుల్లి కార్లకి ప్రత్యేకమైన తరగతి కూడా ఉంది. ఆ తరగతిలో 1958లో వచ్చి జనంలోకి చొచ్చుకుపోయిన కారది. మన మారుతి 800కి తాతగారి వరస అనుకోండి.

ఈ బొమ్మలన్నీ ఇంచుమించు 1/43 కొలతవి. ఈ వింత అంకె ఎక్కడిదంటే ఇంగ్లాండు బొమ్మరైళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళు అసలు రైలులో ఒక అడుగుని బొమ్మలో ఏడు మిల్లీమీటర్లుగా చేసేవాళ్ళు. 304.8ని ఏడుతో భాగించుకోండి, 43.5 వస్తుంది. రైలు పక్కన పెట్టుకోడానికి కారు కావాలి కాబట్టి కారుకీ అదే కొలత. రైళ్ళు అటకెక్కాయి, కొలత మిగిలిపోయింది. ఇరవై ఏళ్ళ క్రితం ఎవడో పెట్టిన కాలమ్ వెడల్పుని ఇవాళ్టికీ మోస్తున్న డేటాబేసులు మీ ఆఫీసుల్లో లేవా ఏమిటి? అలాగే.

అయితే 1/43 బొమ్మ పిల్లాడి జేబులో పట్టదు, ధర కూడా కాస్త ఎక్కువే. జేబులో పట్టేది అంటే అప్పట్లో మ్యాచ్‌బాక్సే. లండన్లో లెస్నీ అనే కంపెనీ 1953లో మొదలెట్టిన వరస అది. పేరుకి తగ్గట్టే అగ్గిపెట్టె లాంటి డబ్బాలో వచ్చేది. 1968లో అమెరికా నుంచి మాటెల్ వాళ్ళ హాట్‌వీల్స్ కూడా దిగింది. ఇక్కడ ఒక తమాషా పరిస్థితి గమనించండి. 1966లో కొరొల్లా, సన్నీ రెండూ వచ్చి మామూలు ఉద్యోగస్తుడి ఇంటి ముందుకి కారొచ్చింది. 1967లో జపాన్ కార్ల ఉత్పత్తిలో పశ్చిమ జర్మనీని దాటేసింది. 1969లో టోక్యో నుంచి నగోయా వైపు ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయింది. వీధి నిండా జపాన్ కార్లే. కానీ పిల్లాడి జేబులో మాత్రం ఇంగ్లాండు కారు. కిటికీలోంచి చూస్తే కనపడే కారు బొమ్మగా దొరకదు, బొమ్మగా దొరికే కారు కిటికీలోంచి కనపడదు.

ఆ ఖాళీలోకి వచ్చింది టోమికా. 1970 ఆగస్టు 18న ఆరు కార్లతో మొదలైంది. ఒకటి, డాట్సన్ బ్లూబర్డ్ కూపే. రెండు, కరోనా మార్క్ టూ. మూడు, క్రౌన్. నాలుగు, అదే క్రౌన్ పోలీసు బండి. ఐదు, టయోటా 2000జీటీ. ఆరు, నిస్సాన్ ఫెయిర్‌లేడీ జడ్ 432. ఒక్కోటీ 180 యెన్లు. అప్పటికి డాలరుకి 360 యెన్లు అని లెక్క స్థిరంగా ఉండేది, అంటే సరిగ్గా అర డాలరు. మన డబ్బుల్లో అప్పటి లెక్క ప్రకారం మూడు రూపాయల డెబ్భై ఐదు పైసలు. ఇప్పుడు మామూలు టోమికా ధర ఐదొందల యెన్లు దాటింది. యాభై ఏళ్ళ పైచిలుకు కాలానికి మూడు రెట్లంటే, మన బియ్యం ధరతో పోల్చుకుంటే ఇదేమంత పెరుగుదల!

ఈ ఆరిటినీ కాస్త పరీక్షగా చూడండి. 2000జీటీ ఆకాశంలో తార. మొత్తం చేసినవే 350 దరిదాపుల్లో ఉంటాయి. జడ్ 432 కూడా మామూలు మనిషికి అందేది కాదు. ఆ అంకెలు ఏమిటంటే నాలుగు వాల్వులు, మూడు కార్బురేటర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు. స్కైలైన్ జీటీ-ఆర్‌లో పెట్టిన రేసు ఇంజనే ఇందులోనూ పెట్టారు. సరే, ఇవి ఎవరైనా బొమ్మ చేస్తారు. బ్లూబర్డు, కరోనా మధ్యతరగతి ఆశలు. క్రౌన్ మేనేజరుగారి కారు. మరి నాలుగోది? ఊళ్ళో తిరిగే నలుపూ తెలుపూ పోలీసు బండి! నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ముఖ్యమైన బొమ్మ అదే. కలల కారు పక్కన వీధిలో కారుని, ఒకే డబ్బా సైజులో, ఒకే ధరకి నిలబెట్టారు. ఈ వరస అక్కడితో ఆగలేదు. అంబులెన్సు, ఫైరింజను, టాక్సీ, సిటీ బస్సు, సిమెంటు కలిపే లారీ, మట్టి తవ్వే యంత్రం, చివరికి మునిసిపాలిటీ చెత్తబండి దాకా వచ్చింది. చెత్తబండి అంటే ఏదో మొక్కుబడిగా కాదు. వెనక తలుపు తెరుచుకునేలా, చెత్త లోపలికి పోయే భాగం కదిలేలా చేశారు.

ఇంజనీరుగా నాకు నచ్చిన సంగతి ఇంకోటి చెప్పాలి. టోమికాకి స్థిరమైన స్కేలు లేదు. డబ్బా స్థిరం. డబ్బాలో పట్టేలా కారుని కుదిస్తారు. మామూలు కారు 1/60 చుట్టుపక్కల ఉంటుంది, బస్సు దగ్గరకొచ్చేసరికి 1/100 దాటిపోతుంది. అంటే డబ్బా కాన్‌స్టెంటు, స్కేలు వేరియబుల్. అందుకే టోమికా లోకంలో కారూ, బస్సూ ఒకే పొడవుంటాయి. స్కేలు పిచ్చోళ్ళు దీన్ని తిట్టిపోస్తారు గానీ, బొమ్మ అడుగున ఆ స్కేలు ఎంతో నిజాయితీగా పోతపోసి ఉంటుంది. కంపెనీ పేరు, కారు పేరు, తయారైన దేశం కూడా అక్కడే. నంబర్ల సంగతి మాత్రం జాగ్రత్త. ప్రతి నెలా మూడో శనివారం కొత్తవి వస్తాయి, వాటికోసం పాతవి వరసలోంచి తప్పుకుంటాయి, తప్పుకున్నదాని నంబరు కొత్తదానికిచ్చేస్తారు. కాబట్టి డేటాబేసు పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే నంబరుని ప్రైమరీ కీగా పెట్టుకోకండి, కొంప మునుగుతుంది.

ఈ కథలో అన్నీ దేశభక్తి ఘట్టాలే ఉన్నాయనుకోకండి. 1975లో ఇకెజావా సతోషి అనే ఆయన కార్ల రేసుల మీద ఓ బొమ్మల కథ ధారావాహికగా మొదలెట్టాడు. దాంతో దేశంలో పిల్లలందరికీ లాంబొర్గీనీ, ఫెరారీల పిచ్చి పట్టింది. టోమీ వాళ్ళు విదేశీ కార్లకి నీలం డబ్బాల్లో వేరే వరసే తెచ్చారు, బాగా అమ్ముకున్నారు. అదే సమయంలో చమురు సంక్షోభం, పొగ నిబంధనలు కలిసి సొంత స్పోర్ట్స్ కార్లని దెబ్బతీశాయి. 1973లో వచ్చిన స్కైలైన్ జీటీ-ఆర్ రెండో తరం 197 కార్లతోనే ఆగిపోయింది. ఆ తర్వాత పదహారేళ్ళు ఆ పేరే లేదు. ఈ రోజు బొమ్మల లోకంలో దాని నకళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టడం కష్టం గానీ, అసలు కార్ల సంఖ్య మాత్రం మూడంకెల్లోనే ఉండిపోయింది.

ఇక్కడే నేను చెప్పదలుచుకున్న అసలు ముక్క ఉంది. జపాన్లో పాత కారు నిలవదు. కొత్త కారుకి మూడేళ్ళకి, ఆ తర్వాత ప్రతి రెండేళ్ళకి "షాకెన్" అనే తనిఖీ చేయించాలి. ఖర్చు తడిసి మోపెడవుతుంది. 1995 దాకా పదేళ్ళు దాటిన కారుకైతే ఏటేటా చేయించాల్సి వచ్చేది. పదమూడేళ్ళు దాటితే పన్ను కూడా ఎక్కువ. దాంతో బాగున్న కార్లని కూడా జనం వదిలించేసుకుంటారు. అవి న్యూజిలాండుకో, శ్రీలంకకో, పాకిస్తానుకో, కెన్యాకో ఓడెక్కుతాయి. మిగిలినవి తుక్కవుతాయి. 2000జీటీని ఎవరూ తుక్కు చెయ్యరు, దానికి మ్యూజియం ఉంది. తుక్కయ్యేది ఎప్పుడూ మామూలు కారే. టాక్సీగా తిరిగినది, పచారీ కొట్టు సామాన్లు మోసినది, పోలీసులు వాడి పారేసినది. లక్షల్లో తయారయ్యి, లక్షల్లో మాయమయ్యేవి అవి. చిత్రమేమిటంటే అలాంటి వాటిలో కొన్నిటికి ఇవాళ చేతిలో పట్టుకుని చూసుకోడానికి మిగిలిన సులువైన రూపం ఏడు సెంటీమీటర్ల జింకు బొమ్మే.

దీన్ని కంపెనీ కూడా గుర్తించింది. 2004లో టోమీటెక్ అనే వాళ్ళ సంస్థ "టోమికా లిమిటెడ్ వింటేజ్" మొదలెట్టింది. ఆలోచన భలే ఉంటుంది. టోమికా 1970లో కాకుండా ఇంకో పది, పదిహేనేళ్ళ ముందే పుట్టి ఉంటే ఏయే కార్లు చేసేది? అవి ఇప్పుడు చేద్దాం అని. ఈసారి స్కేలు కచ్చితంగా 1/64, పిల్లల కోసం కాదు, పెద్దవాళ్ళ కోసం. ఆ జాబితాలో రేసు కార్ల పక్కనే నాలుగు తలుపుల సాదా సెడాన్లు, డెలివరీ వ్యాన్లు, టాక్సీలు కనిపిస్తాయి. ప్రాజెక్టు లైవ్‌కి వెళ్ళిన నలభై ఏళ్ళ తర్వాత కూర్చుని డాక్యుమెంటేషన్ రాస్తున్నారన్నమాట! మనం నాలుగు నెలల తర్వాత కూడా రాయం.

ఒక అభ్యంతరం రావొచ్చు, న్యాయమైనదే. "ఏమయ్యా, వాళ్ళేదో చరిత్రని కాపాడదామని చేశారా? చిన్నపిల్లలకి చెత్తబండంటే ఇష్టం కాబట్టి చేశారు, డబ్బుల కోసం చేశారు" అని. నిజమే. నేను కాదనను. మూడేళ్ళ పిల్లాడికి ఫెరారీ కంటే, వీధి చివర రోజూ పొద్దున్నే మోతతో వచ్చే బండే పెద్ద హీరో. టోమీ వాళ్ళు ఆ పిల్లాడి మాట విన్నారు, అంతే. చరిత్రంతా ఇలాగే మిగులుతుంది కదా. శాసనాల్లో సగం భూముల లెక్కలే. రాసినవాడు మనకోసం రాయలేదు, తన పొలం గొడవ కోసం రాయించుకున్నాడు. మనం దాన్ని చదివి అప్పటి బతుకు తెలుసుకుంటున్నాం.

బయటి ప్రపంచానికి ఈ కార్ల మీద మోజు కలగడం మరో అధ్యాయం. 1997లో ప్లేస్టేషన్లో గ్రాన్ టురిస్మో వచ్చింది. 2001లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ వచ్చింది. అమెరికా కుర్రాళ్ళకి స్కైలైను, సుప్రా పేర్లు నోటికొచ్చేశాయి. 2009లో హాట్‌వీల్స్ వాళ్ళు డాట్సన్ బ్లూబర్డ్ 510ని చేశారు, జున్ ఇమాయి అనే డిజైనరు చేతి మీదుగా. టోమికా ఒకటో నంబరుగా మొదలైన బ్లూబర్డు తరమే అది! అమెరికా డబ్బా రేకుతో అమెరికా జీపు చేసి అమ్ముకున్న దేశపు కారుని, అరవై నాలుగేళ్ళకి అమెరికా బొమ్మల కంపెనీ చేసి అమెరికా పిల్లలకి అమ్మింది. ఇంకో ముచ్చట. టోమికా తయారీ 1990లలో జపాన్ వదిలి చైనాకి, ఆ తర్వాత వియత్నాంకి పోయింది. దాంతో అడుగున "మేడిన్ జపాన్" అని ఉన్న పాత నల్లడబ్బా బొమ్మలకి గిరాకీ పెరిగింది. ఒకప్పుడు చౌకబారు సరుకుకి గుర్తుగా ఉన్న ముద్ర, ఇప్పుడు ధర పెంచే ముద్ర. ఆ "ఆక్యుపైడ్ జపాన్" ముద్రని ఏరుకుని కొనేవాళ్ళూ ఉన్నారు.

ఈ మోజుతో వచ్చిన తంటా ఏమిటంటే, అందరూ అవే నాలుగు కార్ల వెంట పడతారు. జీటీ-ఆర్, సుప్రా, ట్రూనో, ఆరెక్స్-7. సీలు విప్పకుండా దాచి, ధర పెరిగాక అమ్మడం. దాచుకున్నవాళ్ళకి ఒక మాట. జింకులో సీసం కలిస్తే తేమకి లోలోపలే పగుళ్ళిచ్చి, బొమ్మ దానంతటదే పొడై రాలిపోతుంది. జింక్ పెస్ట్ అంటారు. పాతకాలపు పోతల్లో ఇది ఎక్కువ, దీనికి మందు లేదు. డబ్బా విప్పకపోయినా ఆగదు. కాబట్టి విప్పి చూసుకోండి, పోయేదేముంది? నా బీరువాలో జీటీ-ఆర్‌లు మూడే ఉన్నాయి. టాక్సీలు పదకొండు. మా ఆవిడ "మన ఇంట్లో టాక్సీ స్టాండు" అంటుంది. ఉండనివ్వండి.

మరి మన సంగతేమిటి? 1960ల చివర్లో ఇంగ్లాండు డింకీ కంపెనీ వాడేసిన అచ్చులు కలకత్తా చేరి నిక్కీ టాయ్స్ పేరుతో బొమ్మలయ్యాయి. అసలు కారూ ఇంగ్లాండు పాత అచ్చే, బొమ్మకారూ ఇంగ్లాండు పాత అచ్చే. లెక్క సరిపోయింది. తర్వాత వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే ప్లాస్టిక్ అంబాసిడర్లూ, ఆటోలూ వచ్చాయి. వాటిని నేను చిన్నచూపు చూడను, రెండు నా దగ్గరా ఉన్నాయి. కానీ ఖాళీలు చూడండి. 1980లలో జపాన్ కంపెనీలు మనతో కలిసి చిన్న లారీలు చేశాయి. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి. నాలుగోది మన జహీరాబాదులోనే తయారైంది. ఆల్విన్ నిస్సాన్! ఫ్రిజ్‌లూ, వాచీలూ, బస్సు బాడీలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళే నిస్సాన్‌తో కలిసి ఆ లారీలు చేశారు. తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది, పేరు చెరిగిపోయింది. ఆ లారీకి బొమ్మ నేనింతవరకూ చూడలేదు. మన జిల్లాలో, మనవాళ్ళు, మన ప్రభుత్వ సంస్థలో చేసిన జపాన్ లారీ అది. ఇవాళ ఓ ముప్ఫై ఏళ్ళ కుర్రాడికి ఆ పేరు చెబితే ఫ్రిజ్ పేరనుకుంటాడు.

మనకి ఈ బుద్ధి మొదట్నుంచీ లేదనుకుంటే పొరపాటు. కొండపల్లి బొమ్మలు చూడండి. దశావతారాల పక్కనే తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి, మజ్జిగ చిలికే ఇల్లాలు ఉంటారు. తెల్లపొణికి కర్రతో చేసిన ఆ బొమ్మల్లో దేవుడికీ, బండి తోలేవాడికీ ఒకే శ్రద్ధ, ఒకే రంగు. సంక్రాంతి బొమ్మల కొలువులో అందరికీ మెట్టు దొరుకుతుంది. టోమికా వాళ్ళు 2000జీటీ పక్కన పోలీసు బండిని నిలబెట్టడంలో ఉన్నది సరిగ్గా ఈ పద్ధతే. మనం ఎడ్లబండి దగ్గర ఆగిపోయాం. ఎర్ర బస్సుకీ, జీపుకీ, సెవెన్ సీటర్ ఆటోకీ, ఆల్విన్ లారీకీ కొలువులో మెట్టు వెయ్యలేదు.

ఇప్పుడు దీనికి అడ్డమేమీ లేదు. ఒకప్పుడు ఉక్కు అచ్చు చేయించాలంటే వేలల్లో బొమ్మలు అమ్మితే తప్ప గిట్టదు. ఇవాళ త్రీడీ ప్రింటరు ఉంటే పది బొమ్మలైనా చేసుకోవచ్చు. కావలసింది కొలతలు. ఆ బండి ఇంకా ఏ షెడ్డులోనో తుప్పుపడుతూ ఉండగానే వెళ్ళి టేపు పెట్టి కొలిచి, ఫొటోలు తీసి పెట్టుకోవాలి. తుక్కయ్యాక ఎన్ని కోట్లు పెట్టినా కొలతలు రావు. వారాంతాల్లో ఏం చెయ్యాలో తోచక మాల్సులో తిరిగే ఇంజనీర్లం ఇంతమంది ఉన్నాం కదా. నేనైతే మొదటి ఓటు జహీరాబాదు లారీకే వేస్తాను, 1/64లో, అడుగున స్కేలూ, ఊరి పేరూ పోతపోసి మరీ. మీరు పుట్టి పెరిగిన ఊళ్ళో రోజూ కనపడి, ఎప్పుడు మాయమైందో కూడా తెలియకుండా మాయమైపోయిన బండి ఏది?